బిడ్డ చేతికి ఫోను: ఇచ్చుటయా, కాచుటయా?



అరచేయి మన యిండ్లలో సామాన్యమైన చోటు కాదు. ఎడమ అరచేతిలో ఇష్టలింగమును నిలిపి, చూపును దానిపై నిలిపి, దినమున కొంతసేపు తనతో తానుండుట మన పెద్దలు మనకు నేర్పిన పద్ధతి. ఆ యిండ్లలో పుట్టిన పిల్లల అరచేతులలో నేడు గంటల తరబడి నిలుచునది వేరొకటి. ఈ పోలిక చెప్పి ఫోనును నిందించుట మిక్కిలి సులభము. అట్టి వ్యాసములు ఇదివరకే చాలినన్ని వచ్చినవి. వానిని మనము ఫోనులోనే చదివి, ఫోనులోనే బంధువులకు పంపి తృప్తిపడితిమి. నేను ఆ పని చేయబోవుటలేదు.

నేను విచారింపదలచిన ప్రశ్న చిన్నది. పదునైదు, పదునారేండ్ల బిడ్డకు ఫోనును, దానికి తగిన రీచార్జి పథకమును ఎంచుకొనునపుడు తండ్రి నిజముగా ఎంచుకొనుచున్నది ఏమి? దుకాణములో మనమడుగునవి ధరను గూర్చి, కెమెరాను గూర్చి, దినమునకు ఎంత డేటా వచ్చునను దానిని గూర్చి. వాని వెనుక మరియొక ప్రశ్న కలదు. ఈ బిడ్డను నమ్మి ఇచ్చుచున్నానా, నమ్మక ఇచ్చుచున్నానా? నమ్మక ఇచ్చినచో ఆ సంగతి బిడ్డకు చెప్పుచున్నానా? ఈ చివరి ప్రశ్నకు నేనొకప్పుడు తప్పుడు సమాధానమిచ్చితిని. దాని ఫలితమును నా యింటిలోనే అనుభవించితిని గనుక సిగ్గు విడిచి వ్రాయుచున్నాను.

నేను జహీరాబాదు ప్రాంతమున కిరాణా వర్తకుడను. 2020లో కరోనా కారణముగా బడులు మూతపడి పాఠములు ఫోనులలోనికి వచ్చినపుడు మా అబ్బాయికి పదుమూడేండ్లు. ఆనాడు ఎంచుకొనుట అనునదే లేదు. దొరికిన ఫోను కొంటిమి, దొరికిన రీచార్జి వేయించితిమి. చదువు కొరకు వచ్చిన ఫోను బడులు తెరిచిన పిమ్మట వెనుకకు పోలేదు. ఇది మా ఒక్క యింటి కథ కాదనుకొందును.

2022 చివరకు అబ్బాయి పదవ తరగతిలో ఉండెను. రాత్రి పొద్దుపోవువరకు ఫోను చూచుట, పిలిచినను పలుకకుండుట, నేను గదిలోనికి పోగానే తెర ఆర్పివేయుట, ఇవన్నియు తలిదండ్రులెరిగినవే. ఏమి చూచుచున్నావని అడుగవలసినది. అడుగలేదు. బజారులో ఫోనులు బాగుచేయు కుర్రవాడొకడు, "వానికి తెల్వకుంటనే అన్నీ మీ ఫోన్లకు వచ్చేటట్టు చేస్త సేట్" అనెను. అబ్బాయి స్నానమునకు పోయిన సమయమున ఫోను తీసికొనిపోయి చేయించితిని. పది నిమిషముల పని. ఆనాటినుండి మా వాడు స్నేహితులకు వ్రాసిన ప్రతి మాటయు నాకు వచ్చుచుండెను.

నేను భయపడిన దేదియు అందులో లేదు. క్రికెట్టు, ఒక మాస్టారుపై వేళాకోళము, సినిమా పాటలు. కాని ఒక రాత్రి వాడు తన స్నేహితునికి ఒక సంగతి వ్రాసెను. తనకు ఇంజనీరింగు మీద మనసు లేదని, వాణిజ్యశాస్త్రము చదివి మా కొట్టునే పెద్దది చేయవలెనని ఉన్నదని, ఆ మాట నాన్నతో అనుటకు భయముగా ఉన్నదని దాని సారాంశము. నా కాయకమును నా కుమారుడు కోరుకొనుచున్నాడు! తండ్రికి ఇంతకంటె సంతోషమేమి కావలెను? కాని ఆ మాట నాకు న్యాయముగా రాలేదు. వాడు ధైర్యము కూడదీసికొని నా ఎదుట నిలిచి చెప్పవలసిన మాటను నేను గోడచాటు నుండి దొంగిలించితిని. సంతోషింపజాలకపోతిని, కోపింపజాలకపోతిని. వారము దినముల పిమ్మట భోజనమునకు కూర్చున్నపుడు నోరు జారి, "కొట్టుల కూసునేటోళ్ళకు ఇంటర్ల ఎంపీసీ ఎందుకు అంటరు కొందరు" అంటిని.

వాడు తలయెత్తి నన్ను చూచెను. ఏమియు అనలేదు. మరునాడు ఉదయము ఫోను తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టి, "ఇది నీ దగ్గరనే ఉంచుకో నాన్నా, నాకు అక్కరలేదు" అని బడికి పోయెను.

తరువాతి సంవత్సరమంతయు వాడు నాతో అవసరమునకు మించి మాటలాడలేదు. స్నేహితుల ఫోనులలో చూడవలసినవి చూచుచుండెనని తరువాత తెలిసినది. అనగా నేను కాపలా పెట్టి సాధించినదేమి? వాని మాట నాకు చేరు దారిని నా చేతులతో మూసివేసికొంటిని. 2023 ఉగాదినాడు వానిని కూర్చుండబెట్టుకొని చేసినది చెప్పి, తప్పని ఒప్పుకొంటిని. వాడు ఇంటరులో సీఈసీ తీసికొనెను. నేడు హైదరాబాదులో బీకాం చదువుచున్నాడు. మాటలు మెల్లమెల్లగా తిరిగి వచ్చినవి. అన్నియు వచ్చినవని చెప్పలేను.

ఈ కథ విన్న బంధువులొకరు నన్ను మందలించిరి. "బిడ్డ నిద్రించునపుడు తల్లి చూచుటకు అనుమతి అడుగునా? బావి దగ్గర ఆడుకొను పిల్లవానిని చెప్పియే కాచుదుమా?" అని వారి వాదము. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. ప్రమాదములు నిజమైనవే. ముఖపరిచయము లేనివారు స్నేహము నటించి చిత్రములు రాబట్టి బెదిరించుట, ఆడపిల్లల చిత్రములను వికృతము చేసి డబ్బడుగుట మన జిల్లాలలోను జరుగుచున్నవి. డబ్బు పందెముల ఆటలలో ఎన్ని కుటుంబములు మునిగినవో మనమెరుగుదుము. వానిని నిషేధించుచు కేంద్ర ప్రభుత్వము 2025 ఆగస్టులో చట్టమే చేయవలసివచ్చెను. ఆస్ట్రేలియా దేశమున పదునారేండ్లలోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు ఉండరాదను చట్టము 2025 డిసెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. లోకమంతయు భయపడుచున్నపుడు తండ్రి భయపడుట తప్పు కాదు.

కాని బావిగట్టు వద్ద కాచునపుడు మనము చెట్టుచాటున దాగి కాచము. పిల్లవానికి కనబడునట్లే నిలుతుము. మనము కనబడుచుండుటయే సగము రక్షణ. ఐదేండ్ల పిల్లవానికి కాపలా అర్థము కాదు గనుక చెప్పి కాచుట, చెప్పక కాచుట అను భేదము అచట లేదు. పదునారేండ్ల బిడ్డకు అర్థమగును. అందుచేతనే భేదము పుట్టుచున్నది. నా కొట్టులో త్రాసు కొనువారి వైపునకు తిరిగియుండును. తూకము వేయుట నా హక్కు, చూచుట వారి హక్కు. బల్లక్రింద పెట్టిన త్రాసు సరిగానే తూచినను దాని నెవరు నమ్ముదురు? మాటయు నడతయు ఒకటి కావలెనని బసవేశ్వరులు మనకు బోధించినది పండుగనాటి ఉపన్యాసమునకు మాత్రమే కాదు. "నిన్ను నమ్ముచున్నాను" అని పలుకుచు ఫోను ఇచ్చి, ఆ ఫోనులోనే నమ్మకపోవుటను దాచిపెట్టిన తండ్రి మాట ఒకటి, నడత ఒకటి.

అనుభవ మంటపములో అల్లమప్రభువు అక్కమహాదేవిని ఎంత కఠినముగా ప్రశ్నించెనో మన సంప్రదాయము చెప్పుచున్నది. ఆ ప్రశ్నలు సున్నితమైనవి కావు. ఐనను అవి అందరి ఎదుట, ఆమె ముఖము చూచి అడిగినవి. ఆమెకు సమాధానము చెప్పు అవకాశము కలిగెను. చాటున చూచువాడు సమాధానమునకు చోటీయడు. తనకు తోచిన తీర్పును తనలోనే వ్రాసికొనును.

ఇంకొక లౌకికమైన సంగతి. చాటున చూపించు ఆ యాపులు మన బిడ్డల మాటలను మన ఫోనునకు నేరుగా పంపవు. ఎచ్చటనో ఉన్న ఎవరిదో యంత్రములో నిలువ చేసి అచటి నుండి చూపును. అట్టి రహస్య నిఘా వ్యాపారముల నిలువలు రచ్చకెక్కిన ఉదంతములు 2022లోను, 2024లోను వెలువడినవి. బిడ్డను పరుల బారినుండి కాపాడుటకు బిడ్డ రహస్యములను పరులకే అప్పగించుట యన్నమాట. ఇది నాకు ముందు తెలియదు. తెలిసిన నాటి రాత్రి నిద్ర పట్టలేదు.

2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారినందరిని పిల్లలుగానే లెక్కించి, వారి నడవడిని వ్యాపారులు వెంబడించరాదని, వారికి గురిపెట్టి ప్రకటనలు వేయరాదని చెప్పుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అవి అంచెలంచెలుగా అమలులోనికి రావలసియున్నవి. చట్టము తండ్రిని వ్యాపారితో సమానము చేయలేదు, చేయరాదు కూడ. తండ్రికి బాధ్యత ఉన్నది. కాని ఆ చట్టము చదివినపుడు, బిడ్డ మనసు కూడ ఒక సొత్తేనని, దానికి ద్వారము ఉన్నదని నాకు తోచినది.

ఇక మా అమ్మాయి సంగతి.

2025 ఏప్రిలు చివర పదవ తరగతి ఫలితములు వచ్చిన మరునాడు ఆమె ఫోను అడిగెను. ఇంటరునకు జహీరాబాదు కళాశాలలో చేరవలెను, బస్సుపై పోయి రావలెను. మా అమ్మ వెంటనే, "ఆడపిల్లకు ఫోనెందుకు? పోయేది వచ్చేది కండ్ల ముందటనే గద" అనెను. అమ్మాయి వాదింపలేదు. "అన్నకు పదమూడేండ్లకే ఇచ్చిన్రు. నాకు పదహారు" అని మాత్రము అనెను.

ఆ లెక్కకు నా వద్ద సమాధానము లేదు. మన దేశమున ఆ లెక్క చాల యిండ్లలో అట్లే ఉన్నది. అసర్ అను విద్యా సర్వే 2023లో గ్రామీణ ప్రాంతములలో 14 నుండి 18 ఏండ్లవారిని విచారించినది. స్మార్టుఫోను వాడుట తెలిసినవారిలో సొంత ఫోను గల మగపిల్లలు నూటికి 43.7 మంది కాగా, ఆడపిల్లలు 19.8 మంది మాత్రమే. బసవన్న ఎనిమిదేండ్ల వయసున ఉపనయనమును కాదనెనని, అక్క నాగమ్మకు లేనిది తనకెందులకని అడిగెనని ప్రతి బసవ జయంతికి మనము పిల్లలకు కథ చెప్పుదుము. చెప్పి ఇంటికి వచ్చి, కొడుకు ప్రమాదమును చిన్నదిగాను, కూతురి ప్రమాదమును పెద్దదిగాను తూచుదుము. నిజమునకు పందెపుటాటలలో పడువారిలో మగపిల్లలే ఎక్కువగా నాకు కనబడినారు. ఆడపిల్లకు ఫోను వద్దనుటలో ఆమె క్షేమము ఎంత, మన పరువు భయమెంత అని ఎవరికి వారు అడుగుకొనవలెను. మా అమ్మతో ఈ వాదము ఇంకను ముగియలేదు.

ఫోను కొనుటకు అమ్మాయిని వెంట తీసికొనిపోయితిని. మునుపు అబ్బాయికి నేనే కొని తెచ్చితిని. అదియు ఒక తప్పే. పోవుటకు ముందు ఆమెను ఏమేమి చేయదలచితివని అడిగితిని. పాఠముల వీడియోలు, కళాశాల వాట్సాప్ గుంపు, స్నేహితురాండ్రతో మాట, పాటలు. దాచకుండ చెప్పెను గనుక నేనును దాచకుండ ఆలోచించితిని. చదువు కొరకే అని చెప్పించుట పిల్లలచేత అబద్ధమాడించుటయే. అసర్ వారి 2024 నివేదికలో 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో ఆ వారము ఫోనును చదువునకు వాడినవారు నూటికి 57 మంది, సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది. పెద్దలను విచారించినచో మొదటి సంఖ్య ఏమగునో చెప్పనక్కరలేదు.

దుకాణదారు మాకు ముందుగా చూపినవి ఆటలకు వేగముగా పనిచేయునవి, ముఖమును తెల్లగా చూపు కెమెరాలు గలవి. మేమడిగినది వేరు. ఈ ఫోనునకు భద్రతా మార్పులు ఎన్ని సంవత్సరములు వచ్చును? చాల చవక ఫోనులకు అవి త్వరగా ఆగిపోవును. ఆగిన ఫోను తాళము పాడైన తలుపు వంటిది. 128 జీబీ నిలువ, ఒక పగలంతయు నిలుచు బ్యాటరీ, ఇవి చాలుననిపించెను. వెల మా అబ్బాయి ఫోనునకు ఆనాడు ఇచ్చినంతయే పెట్టితిని, ఎక్కువ కాదు, తక్కువ కాదు. వాడిన ఫోను కొనువారు ఒక జాగ్రత్త పాటింపవలెను. నక్షత్రపు గుర్తు, హ్యాష్ గుర్తు, 06, మరల హ్యాష్ గుర్తు నొక్కినచో ఆ ఫోను గుర్తింపు సంఖ్య కనబడును. కేవైఎం అని ఆంగ్లాక్షరములతో వ్రాసి, చోటు విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422కు సందేశము పంపినచో అది సరియైన ఫోనో కాదో ప్రభుత్వ వ్యవస్థ తెలుపును. దొంగసొత్తు బిడ్డ చేతికి ఇచ్చు పాపము ఆ విధముగా తప్పును. తన పాత ఫోనునే బిడ్డకు ఇచ్చు తండ్రి, అందులోని తన చెల్లింపు యాపులను, ఖాతాలను మొత్తము తుడిచి ఇయ్యవలెను. మా ఎరుకలోని ఒక యింట అట్లు చేయనందున పిల్లవాడు ఆటలో ఆయుధములు కొని తండ్రి ఖాతా ఖాళీ చేసెను. పిల్లవానికి అది డబ్బని కూడ తోచలేదు.

రీచార్జి పథకము గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. ఫోను కంటె పథకమే పిల్లల నడవడిని ఎక్కువగా దిద్దుననియో, చెరుచుననియో నా అభిప్రాయము. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిమ్మట మన దేశమున డేటా ధర పడిపోయి, దినమునకు ఇంత యను పద్ధతి స్థిరపడినది. దినమునకు 1.5 జీబీ, 2 జీబీ. వాడనిది చాల పథకములలో మరునాటికి మిగులదు. అర్ధరాత్రి 12 గంటలకు లెక్క మరల మొదలగును. దీని తత్త్వమును ఆలోచింపుడు. నా కొట్టులో ఎవరైనను, "దినమునకు రెండు కిలోల చక్కెర మీది, తినకున్న పారవేసెదను" అనినచో ఆ యింటివారు ఏమగుదురు? మితముగా ఉన్నవాడు నష్టపోయినట్లు, అతిగా వాడినవాడు లాభపడినట్లు లెక్క చూపు ఏర్పాటు ఇది. మధ్యరకపు స్పష్టతతో వీడియో చూచినచో గంటకు అర జీబీ మొదలు ముప్పాతిక జీబీ వరకు పట్టును. 2 జీబీ అనగా దినమునకు సుమారు మూడు గంటల చూపు. అది ముందే చెల్లించి ఉంచిన చూపు. పరీక్షలనాడు కూడ అది బిడ్డను పిలుచుచునే యుండును. అర్ధరాత్రి కొత్త కోటా కొరకు మేలుకొనియుండు పిల్లలున్నారని మా అబ్బాయియే నాకు చెప్పెను.

మొత్తము గడువునకు ఇంత డేటా అని ఒక్కసారిగా ఇచ్చు పథకములు వేరుగా ఉండును. అడుగనిదే దుకాణదారు చూపడు. అందులో ఈనాడు మిగిల్చినది రేపటికి ఉండును. త్వరగా ఊదివేసినచో నెలాఖరున లేమి తెలియును. కూలి డబ్బుతో నెల గడుపు ఇల్లాలికి తెలిసిన విద్య అది. మా అమ్మాయికి అట్టి పథకమునే ఎంచుకొంటిమి. పాఠముల వీడియోలను ఇంటి వైఫైలో దించుకొని పోవుట ఆమె కనిపెట్టిన ఉపాయము. ఇంటిలో వైఫై ఉన్నచోట ఈ లెక్కయంతయు వ్యర్థమగునని కొందరనవచ్చును. నిజమే. అందుచేత రాత్రి వైఫై పెట్టె ఆపుట కూడ లెక్కలో చేర్చితిమి.

కేవలము పోవుట, వచ్చుట తెలియజేయుటకు ఫోను కావలసిన పిల్లలకు డేటా లేని, మాటలు, సందేశములు మాత్రమే గల పథకములు ఉండవలెనని ట్రాయ్ అను టెలికాం నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో నియమము చేసినది. 2025 జనవరిలో వచ్చిన అట్టి పథకములు 84 దినములకు ఐదువందల రూపాయల లోపుననే ఉండెను. నెల యనుకొని మనము వేయించు రీచార్జి తరచుగా 28 దినములదే. అనగా ఏడాదికి పండ్రెండు కాదు, పదుమూడు. వర్తకుడను గనుక ఈ ఒక్క మాట చెప్పక ఉండలేకపోతిని.

సిమ్ము కొనునపుడు అమ్మాయి తన పేరిట కావలెననెను. వీలుకాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి సిమ్ము అమ్మరాదని టెలికాం శాఖ 2021 సెప్టెంబరులో స్పష్టము చేసినది. ఒప్పందము చేసికొను యోగ్యత యౌవనప్రాప్తి తోనే వచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము దానికి మూలము. కనుక ఆ సంఖ్య నా పేరిట ఉన్నది. ఆ సంఖ్య నుండి ఏది జరిగినను మొదట తలుపు తట్టునది నా యింటినే. ఈ సంగతిని నేను బెదిరింపుగా చెప్పలేదు. "నీ మాటకు నా పేరు ఉన్నది" అని చెప్పితిని. పదునెనిమిదవ పుట్టినరోజున ఆ సంఖ్యను ఆమె పేరిట మార్చెదనని మాట ఇచ్చితిని. అబ్బాయిది 2025లోనే అట్లు మార్చితిమి.

పిమ్మట ఒక కాగితము వ్రాసితిమి. నేను చెప్పినవి కొన్ని, ఆమె చెప్పినవి కొన్ని. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ వంటి సాధనము పెట్టుదునా అని ఆమెనే అడిగితిని. అది పెట్టినట్లు బిడ్డకు తెలిసియే ఉండును. కొత్త యాపు దించునపుడు నాకు తెలియుటకును, డబ్బు చెల్లింపులు లేకుండుటకును ఆమె ఒప్పుకొనెను. తన సందేశములు చదువరాదనెను. నేను ఒప్పుకొంటిని, ఒక్క మినహాయింపుతో: ఆమె ప్రాణమునకు, మానమునకు ముప్పు ఉన్నదని నాకు బలముగా తోచినపుడు చూచెదను, చూచినచో చూచితినని ఆనాడే చెప్పెదను. ఎవరైనను బెదిరించినచో, తప్పు తనదే అయినను, ముందు మాకు చెప్పవలెను. ఆ దినమున తిట్లు ఉండవు. ఈ చివరి వాక్యమును ఆమె రెండుమార్లు చదివి, "నిజంగనా?" అనెను. బెదిరించినవారు డబ్బు గుంజినచో 1930కును, పిల్లలకు ఏ ఆపద వచ్చినను 1098కును ఫోను చేయవచ్చునని ఆ కాగితముననే వ్రాసితిమి.

రాత్రి తొమ్మిది గంటలకు ఫోను వంటయింటి గూటిలో పెట్టవలెనని నేను వ్రాసితిని. "అందరివీనా?" అని ఆమె అడిగెను. నా కొట్టునకు రాత్రిపూట ఫోనులోనే సరుకు ఆర్డర్లు వచ్చును, ఆ మాట చెప్పితిని. ఆమె కలము పట్టుకొని ఊరకుండెను. "అందరివి" అని వ్రాసితిని. మొదటి వారములో ఆ నియమమును తప్పినది నేనే, రెండుమార్లు. కాగితము క్రింద పెన్సిలుతో "నాన్న – 2" అని కనబడెను. ఆర్డర్లు చెప్పువారికి ఎనిమిదిన్నరలోపు చెప్పుడని చెప్పవలసివచ్చినది. ఒకరిద్దరు గొణిగిరి, బేరము పోలేదు.

ఆ ఏటి దసరాకు అబ్బాయి ఇంటికి వచ్చెను. వంటయింటి గోడకు అంటించిన ఆ కాగితమును నిలుచుండి మొదటి నుండి తుదివరకు చదివెను. "నాకు ఇట్ల ఎందుకు రాయలే నాన్నా?" అని అడిగెను. నేను ఏమియు చెప్పలేకపోతిని. కొంతసేపు అట్లే నిలిచి, తన ఫోనును చెల్లెలి ఫోను ప్రక్కన గూటిలో పెట్టి, నా వెంట కొట్టునకు వచ్చెను. పండుగ సరుకు లెక్కలు ఇద్దరము కలిసి చూచునప్పటికి పది గంటలు దాటెను.